పాలు, పొత్తు, జతపని: గోదావరి డెల్టా మిషన్ చరిత్రకథనంలో క్రైస్తవ సహవాస భావన

వ్యాససంగ్రహం:

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు శ్రామిక కుటుంబాలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పెరిగి కోనసీమలోని అమలాపురం వరకు విస్తరించింది. ఈ మిషన్ గురించిన కథనాలు కలిసి పనిచేసిన విశ్వాసుల నడుమ ఉన్న గాఢమైన అనుబంధాన్ని పదేపదే ప్రస్తావిస్తాయి. అయితే ఆ అనుబంధాన్ని అవి ఎక్కువగా వచ్చినవారి మధ్యనే చూశాయి. సహవాసాన్ని చెప్పడానికి తెలుగు బైబిలు ఎంచుకున్న పాలు, పొత్తు, జతపని అనే మాటలకు ఈ నేలమీద ఉన్న అర్థాలను ఆధారం చేసుకొని చూస్తే, ఆ బంధం లోతు, దాని కొరత రెండూ మరింత స్పష్టంగా తెలుస్తాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: సహవాసం, జతపనివారు, గోదావరి డెల్టా మిషన్, కోనసీమ, ఎంగిలి, మిషన్ చరిత్ర రచన, దళిత క్రైస్తవం.

1. పంపబడినవారు, చేర్చుకున్నవారు

గోదావరి డెల్టా మిషన్‌కు నూరేళ్ళు నిండిన సందర్భంలో ఇ.బి. బ్రోమ్లీ ఒక శతవార్షిక చరిత్రను ఆంగ్లంలో వెలువరించాడు. 1836 నుంచి 1936 వరకు గోదావరి డెల్టాలోను, దాని పరిసరాల్లోను తెలుగువారి మధ్య జరిగిన సువార్త పని దాని విషయం. ఆ గ్రంథం పేరును తెలుగులో చెప్పాలంటే ‘వారు దేవుని యొద్దనుండి పంపబడిన మనుష్యులు’ అనాలి. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహానును పరిచయం చేసే మాటలను బహువచనంలోకి మార్చి పెట్టిన శీర్షిక అది. భక్తి దృష్టితో చూస్తే ఔచిత్యం ఉన్న పేరే. చరిత్ర రచన దృష్టితో చూస్తే మాత్రం అందులో రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది ‘పంపబడిన’ అన్న విశేషణం. పంపబడటం అంటే ఒకచోటి నుంచి మరొకచోటికి రావడం. ఓడ దిగినవారికి అది సహజంగా అతుకుతుంది. సఖినేటిపల్లి రేవు దగ్గరో రాజోలు లంకల్లోనో పుట్టి, అక్కడే విశ్వసించి, అక్కడే నడిచి సువార్త చెప్పినవాడికి అంత సులువుగా అతకదు. వచ్చినవారిని చేర్చుకొని, భాష నేర్పి, ఊరి దారి చూపినవారు శీర్షిక దగ్గరే గడప బయట ఉండిపోతారు. రెండవది ‘మనుష్యులు’ అన్నచోట ఆంగ్లమూలంలో ఉన్న పురుషవాచకం. ఆ కాలపు వాడుకలో అది అందరినీ కలుపుకొనే మాటేనని సమర్థించవచ్చు. కానీ మిషన్ మొదటి రోజున ఈ తీరంలో దిగినవారిలో సగంమంది స్త్రీలన్న వాస్తవం ఆ సమర్థనను కొంత పలచబరుస్తుంది.

ఒక్క పుస్తకాన్ని తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఓడ ప్రయాణం, భాషాభ్యాసం, జ్వరాలు, తొలి బాప్తిస్మం, సమాధి అనే వరుసలో సాగే మిషన్ చరిత్రకథనానికి ఒక స్థిరమైన అచ్చు ఉంది. ఆ అచ్చులో సహవాసం అనేది ఒకే దేశం నుంచి వచ్చిన రెండు మూడు కుటుంబాల పరస్పర ప్రేమగా కుదించుకుపోతుంది. తెలుగులో వచ్చిన సంఘ చరిత్రలు, స్మారక సంచికలు కూడా చాలాసార్లు ఆ అచ్చునే అరువు తెచ్చుకున్నాయి.

2. రాతిపని, చెప్పులపని

అచ్చు ఎలా ఉన్నా అందులోని తొలిభాగం మాత్రం అసాధారణమైనది. ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ దంతవైద్యుడు. మంచి రాబడిని విడిచి 1829లో బాగ్దాదుకు వెళ్ళాడు, 1833లో భారతదేశానికి వచ్చాడు. తోటిపనివారిని వెదకడానికి మళ్ళీ ఐరోపాకు వెళ్ళి 1836లో తిరిగివచ్చేటప్పుడు ఆయన వెంట బయలుదేరినవారిలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఉన్నారు. మలయాళ భాషకు నిఘంటువు రాసిన హెర్మన్ గుండర్ట్ కూడా ఆ బృందంలోనే వచ్చాడు. బౌడెన్ తాపీపనివాడు, రాతికట్టుబడి ఎరిగినవాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టేపుల్‌వారు. అక్కడి సంఘానికి కాపరిగా ఉన్న రాబర్ట్ చాప్‌మన్ పేదల వీధిలో ఇల్లు తీసుకొని, వచ్చిన అతిథుల బూట్లను తన చేతులతో తుడిచి ఉంచేవాడు. బీర్, బౌడెన్ సహవాసం గురించి నేర్చుకున్నది అలాంటి సంఘంలో.

వీరు మచిలీపట్నంలో దిగి తెలుగు నేర్చుకొని, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు చేరారు. వెనుక జీతమిచ్చే సొసైటీ లేదు. ఆనకట్టకు ముందటి డెల్టా అది. ఒక ఏడు కరువు, మరొక ఏడు వరద. 1832–33లో డొక్కల కరువు గడిచి ఎంతో కాలం కాలేదు. 1839 నవంబరులో కోరంగిని తుపాను ముంచెత్తింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పని జరుగుతున్నప్పుడు కూలీల మధ్య కూడా ఈ మిషన్‌వారు సువార్త చెప్పారు. ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆదివారం పని ఆపించేవాడు. నీటిపనికి, సువార్త పనికి ఈ డెల్టాలో అలా ఒక పొత్తు కుదిరింది.

ఇక్కడ కథనాలు సాధారణంగా తాకకుండా దాటిపోయే ఒక విషయం ఉంది. బార్న్‌స్టేపుల్‌లో చెప్పులపని ఒక వృత్తి. గోదావరి డెల్టాలో అది ఒక కులం. తోలు తాకిన చేతికి ఇక్కడ ఊరి వెలుపలే చోటు. పాలకజాతికి చెందిన తెల్లవాడు, అందులోనూ ‘దొర’ అని పిలిపించుకొనే స్థానంలో ఉన్నవాడు, తోలుపని చేసి బతికినవాడు కావడం ఈ సమాజపు వ్యాకరణానికి లొంగని విషయం. విలియం కేరీ కూడా చెప్పులు కుట్టినవాడేనని మిషన్ చరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. కానీ దానిని ఎక్కువగా పేదరికం నుంచి పైకి వచ్చిన కథగానే చెప్తాయి. మాదిగవాడలో ఆ వృత్తి పేరు వినిపించినప్పుడు అది పైకి రావడంగా కాక పక్కన కూర్చోవడంగా వినిపించే అవకాశం ఉంది. జతపని అన్న మాటకు అక్కడే తొలి అర్థం దొరుకుతుంది. దొర అన్న పిలుపు మాత్రం ఆ అర్థాన్ని వెంటనే కప్పేసింది. ఈనాటికీ కోనసీమ సంఘాల్లో ‘బ్రదర్‌గారు’ అన్న పిలుపు వినిపిస్తుంది. సమానత్వాన్ని చెప్పే మాటకు మర్యాదను చెప్పే ప్రత్యయం అతికించుకోకుండా తెలుగు నాలుక ఊరుకోదు.

ఓడ ఎక్కడానికి ముందు జరిగిన మరొక సంగతి ఈ సందర్భంలో ముఖ్యమైనది. 1836 మార్చి 10న మిల్ఫర్డ్ హేవెన్ రేవు నుంచి గ్రోవ్స్, జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. సహవాసానికి ఆధారం అందరిలో ఉన్న ఒకే జీవం కావాలి తప్ప, అందరికీ ఒకే విధమైన బోధ కుదరడం కాకూడదని దాని సారాంశం. అభిప్రాయాలు కలిసినవారితోనే కలవడం మొదలుపెడితే చివరికి మనిషి ఎవరితోనూ కలవలేడన్నది అందులోని హెచ్చరిక. పన్నెండేళ్ళ తర్వాత, 1848లో, ఆ ఉద్యమం బాహాటంగా రెండుగా చీలింది. డెల్టాకు వచ్చినవారు గ్రోవ్స్ మార్గంవారు. అంటే గోదావరికి వచ్చిన సహవాస భావన పుట్టుకలోనే ఒక వాదంలో పక్షం తీసుకొని వచ్చింది. అది భావోద్వేగమాత్రం కాదు, ఒక సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి తెలుగునేల మీద ఎదురైన పరీక్ష మాత్రం బోధకు సంబంధించినది కాదు, పుట్టుకకు సంబంధించినది.

3. ఒక గ్రీకు మాట, నాలుగు తెలుగు మాటలు

కొత్త నిబంధనలో సహవాసాన్ని చెప్పే ప్రధానమైన గ్రీకు పదం కొయినోనియా. ఆంగ్ల భక్తిరచనల్లో దానికి ఒకే ఒక పారిభాషిక పదం గట్టిపడింది. బైబిలు సొసైటీవారి పాత తెలుగు అనువాదం మాత్రం సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలు వాడింది. అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయంలో, యోహాను మొదటి పత్రికలో ‘సహవాసము’. ఫిలిప్పీ పత్రిక ఆరంభంలో ‘పాలివారు’. కొరింథీ మొదటి పత్రిక పదవ అధ్యాయంలో, పాత్రను, రొట్టెను గురించి చెప్పేచోట ‘పాలుపుచ్చుకొనుట’. రెండవ పత్రిక ఆరవ అధ్యాయంలో ‘పొత్తు’. అనువాద శాస్త్రం దృష్టితో ఇది ఏకరూపత లోపించడమే. కానీ అనువాదకుల ఈ ఒడిదుడుకులే తెలుగు పాఠకుడికి మేలు చేశాయి.

‘సహవాసము’ సంస్కృతపదం. కలిసి ఉండటం దాని అర్థం. సంఘాల్లో స్థిరపడింది అదే. అందరికీ అందుబాటులో ఉన్న మాటే అయినా, కలిసి ఉండటంలో ఎవరు ఏమి ఇచ్చారు, ఎవరికి ఏమి దక్కింది అన్నది అది చెప్పదు. ‘పాలు’ అలా కాదు. పాలు అంటే వాటా. సగపాలు అంటే పంటలో సగం. పాలివాళ్ళంటే దాయాదులు. ఆస్తిలో హక్కున్నవారు, అందుకే తగవు పడగలవారు కూడా. ఫిలిప్పీయులు పౌలుకు పాలివారు అన్నప్పుడు తెలుగు చెవికి ప్రేమతో పాటు హక్కు కూడా వినబడుతుంది. సువార్త పనిలో నీతో కష్టపడినవాడు నీ సహాయకుడు కాడు, అతడు పాలివాడు. లెక్క అడిగే అధికారం అతనికి ఉంది.

ఈ మాటకు కోనసీమలో మరొక చేదు పార్శ్వం ఉంది. పాలేరు, పాలికాపు అన్న మాటల్లోనూ ఆ ‘పాలు’ ధ్వనిస్తుంది. పేరులో వాటా వినిపిస్తున్నా, దక్కే పంటలో వాటా లేని మనిషి పాలేరు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న తన నాటకానికి ‘పాలేరు’ అని పేరు పెట్టడంలో ఆ వ్యంగ్యమంతా ఉంది. భీమన్నది క్రైస్తవ రచన కాదు. కానీ రాజోలు ప్రాంతపు దళిత క్రైస్తవుడు ఆదివారం కూడికలో ‘పాలివారు’ అని వింటే, సోమవారం అతను వెళ్ళేది పాలేరుతనానికే. ఒకే ధాతువు నుంచి వచ్చినట్లుండే ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలవకుండా ఈ ప్రాంతంలో క్రైస్తవ సహవాసాన్ని గురించి చేసే ఏ విమర్శైనా గాలిలో నిలుస్తుంది.

‘పొత్తు’ ఇంకా గాఢమైనది. పొత్తున కుడవడం అంటే కలిసి తినడం, ఒకే కంచంలో తినడం. పొత్తు చెడితే తగవే. ఇక సునెర్గోస్ అన్న గ్రీకు మాటకు ‘జతపనివాడు’ అన్న అనువాదం తెలుగు బైబిలు సాధించిన విజయాల్లో ఒకటిగా చెప్పదగినది. జత అంటే కాడి కింది రెండు ఎద్దులు కూడా. ముందు నడిచేది, వెనుక నడిచేది అన్న తేడా జతలో లేదు. ఎపఫ్రొదితును పౌలు ఈ మాటతోనే పరిచయం చేస్తాడు. మిషన్ నివేదికల ఆంగ్లంలో మాత్రం స్థానిక పనివారికి చాలాకాలం ‘సహాయకుడు’ అన్న అర్థమిచ్చే పదమే దక్కింది. చేతిలో ఉన్న తెలుగు బైబిలు ‘జతపనివాడు’ అంటుంటే, పైకి పంపే నివేదిక ‘సహాయకుడు’ అంటున్నది. ఒకే వ్యక్తికి రెండు భాషల్లో రెండు హోదాలు.

4. ఎంగిలి

గోదావరి డెల్టా సహవాసపు గుండెకాయ రొట్టె విరిచే కూడిక. ఈ సంప్రదాయంలో అభిషిక్త గురువు అవసరం లేదు. ప్రతి ఆదివారం విశ్వాసులు బల్ల చుట్టూ చేరుతారు, సహోదరులలో ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు. ఒకే రొట్టె చేతి నుంచి చేతికి వెళ్తుంది. ఒకే పాత్ర నోటి నుంచి నోటికి వెళ్తుంది.

ఇంగ్లండులో ఈ పద్ధతి గురువుల అధికారానికి ఎదురు నిలవడం. ఇక్కడికి వచ్చేసరికి అది పూర్తిగా వేరొక అర్థాన్ని సంతరించుకుంది. ఎంగిలి, అంటు అనే రెండు భావనల మీద నిలబడిన సమాజంలో, ఒకరు పెదవి ఆనించిన పాత్రను మరొకరు అందుకోవడం కన్నా పెద్ద ప్రకటన మరొకటి ఉండదు. ఎంగిలి అన్న మాటకు సమానమైనది ఆంగ్లంలో లేదు. అందుచేత ఆంగ్లంలో రాసినవారికి ఆ పాత్రలో జరిగినదేమిటో పూర్తిగా పట్టుబడలేదనుకోవచ్చు. బాప్తిస్మాన్ని లెక్కించారు, పాత్రను లెక్కించలేదు. నిజానికి తెలుగునేల మీద రెండవదే కష్టమైనది. నీళ్ళలో మునగడం ఒక్కరోజు పని. ఎంగిలిని ఒప్పుకోవడం ప్రతి ఆదివారం చేయవలసిన పని.

దీనికి బైబిలులోనే ఒక పూర్వకథ ఉంది. గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో యెరూషలేము పెద్దలు పౌలుకు, బర్నబాకు ‘పాలివారము’ అనడానికి గుర్తుగా కుడిచెయ్యి ఇస్తారు. ఆ వెంటనే అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినడం మానుకొని వెనక్కి తగ్గుతాడు. చెయ్యి కలిసినంత తేలికగా పంక్తి కలవలేదు. కోనసీమకు చదువరి ఈ అధ్యాయాన్ని వ్యాఖ్యానం అవసరం లేకుండానే అర్థం చేసుకుంటాడు. డొక్కా సీతమ్మ లంకల గన్నవరంలో ఎందరి ఆకలి తీర్చిందో చెప్పుకొని ఈ సీమ గర్విస్తుంది, ఆ గర్వం న్యాయమైనదే. కాని అన్నం పెట్టడం వేరు, పక్కన కూర్చొని తినడం వేరు. సహవాసం అన్న మాట అడిగేది రెండవదాన్ని.

ఇక్కడ కథనాలు మౌనం వహించే చోటు ఒకటి ఉంది, తెలుగు క్రైస్తవ విమర్శ కూడా అక్కడ తరచు తడబడుతుంది. మాల సంఘాలు, మాదిగ సంఘాలు వేరువేరుగా ఏర్పడటం తెలుగు క్రైస్తవంలో దాచలేని వాస్తవం. దాని భారమంతా మిషనరీల మీద మోపడం సులభం. పేటల వారీగా పని సాగించిన పద్ధతికి అందులో భాగముంది కూడా. కాని విదేశీయులు వెళ్ళిపోయిన తర్వాతి దశాబ్దాల్లోనూ పెళ్ళిపొత్తు దగ్గర ఆ గీత చెరగలేదంటే, ఆ బాధ్యతలోనూ ఇక్కడివారు పాలివారే. బల్ల దగ్గర కరిగిన ఎంగిలి వియ్యం దగ్గర మళ్ళీ గడ్డకట్టింది. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల క్రైస్తవంలోని విముక్తి ఆశను, దాని పరిమితులను కలిపి చూపినందువల్లనే విలువైనది. కోనసీమ సంఘజీవితాన్ని ఆ విస్తృతిలో పట్టుకున్న విమర్శ మాత్రం ఇంకా రావలసి ఉంది.

అయినా ఆ పాత్రను తక్కువచేసి చూడటం కూడా పొరపాటే అవుతుంది. వారానికి ఒక్కగంటే అయినా, పాలేరుకు, బడిపంతులుకు, దొరకు ఒకే పాత్ర అందిన స్థలం ఆ రోజుల్లో ఆ డెల్టాలో మరొకటి చూపడం కష్టం. సహవాసం సంపూర్ణం కాలేదన్న విమర్శ చేయగలగడానికి కావలసిన కొలబద్దను ఇచ్చినది కూడా ఆ గంటే.

5. పేరు మిగలడం

జతపనివారిలో ఎవరి పేరు మిగిలింది, ఎందుకు మిగిలింది అన్నది చివరి ప్రశ్న. గ్రోవ్స్‌తో పనిచేసిన తమిళుడు అరుళప్పన్ పేరు ఈనాటికీ తెలుసు. అతడు దినచర్యలు రాసుకున్నాడు, వాటి ఆధారంగా 1939లో జి.హెచ్. లాంగ్ ఒక గ్రంథం వెలువరించాడు. కాకినాడలో థామస్ గాబ్రియేలు పేరు నిలిచింది. అక్కడి బాప్టిస్టు పనిని మొదలుపెట్టినవాడు తెలుగువాడైన అతడే. అతని పిలుపు మీదనే 1874లో కెనడా మిషనరీ జాన్ మెక్లారిన్ అక్కడికి వచ్చాడు కాబట్టి అతడిని వదిలి కథ చెప్పడం కుదరదు. అంతకుముందు విశాఖపట్నంలో డెగ్రాంజెస్‌తో కలిసి సువార్తలను తెనిగించిన ఆనందరాయరు పేరు మిగిలింది. అచ్చయిన పుస్తకం సాక్షి. రాసుకున్నవాడు, పిలిచినవాడు, అచ్చు వేయించినవాడు మిగులుతారు. సైకిలు మీదనో కాలినడకనో లంకలు తిరిగినవాడికి అటువంటి సాక్షి ఉండడు.

తొలి జంటల్లోని ఇద్దరు స్త్రీల పేర్లూ ఎలిజబెత్. ఎలిజబెత్ బౌడెన్, ఎలిజబెత్ బీర్. ఇంటిపేరు తీసేస్తే ఒకరికొకరు తేడా లేని ఇద్దరు. కథనాలు వారిని ఎక్కువగా భర్తల వెంట వచ్చినవారిగా చూస్తాయి. ఫిలిప్పీ పత్రిక నాలుగవ అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పౌలు తనతో కలిసి సువార్త పనిలో ప్రయాసపడినవారిగా పేర్లు పెట్టి చెప్పాడు, వారి మధ్య భేదం వచ్చిందని కూడా దాచలేదు. ఎలిజబెత్‌లిద్దరి మధ్య ప్రేమ గురించీ భేదం గురించీ ఆ మాత్రపు నిర్మొహమాటం మిషన్ కథనానికి చేతకాలేదు. రెండు కుటుంబాల తర్వాతి తరం కూడా ఈ డెల్టాలోనే పనిలో కొనసాగిందంటే, ఆ కొనసాగింపు భారాన్ని మోసినది ఇళ్ళేనన్నది స్పష్టం.

తెలుగు పనివారి విషయంలో వెదకవలసిన చోట్లు వేరు. సంఘాల పెళ్ళి రిజిస్టర్లు, సమాధి రాళ్ళు, కూడికల్లో పాడే పాటల చివర కవి పెట్టుకున్న ముద్ర, నరసాపురం–సఖినేటిపల్లి పంటు దాటి బోధకులు తిరిగిన ఊళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పగల వృద్ధుల జ్ఞాపకాలు. వీటిని సేకరించేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఫలితంగా కోనసీమలో ఎందరికో బడి రికార్డులో ఒక పేరు, సంఘంలో మరొక పేరు. పేటలో పిలిచే పేరు మూడవది. సంఘ రిజిస్టరులోని దానియేలును రెవెన్యూ కాగితాల్లో వెదికితే దొరకడు. దొరికినప్పుడు, వారసులు బతికి ఉన్న చోట ఆ రెండు పేర్లను పక్కపక్కన అచ్చు వేయడం వారి చదువుకు, ఉద్యోగానికి ముప్పు తెస్తుంది. జతపనివాడి పేరును వెలికితీయవలసిన పరిశోధకుడే, కొన్నిచోట్ల, ఆ పేరును రాయకుండా అతని పనిని మాత్రమే రాయవలసి వస్తుంది.